మేడెక్కిన బండ

బట్టలుతికే బండని మేడమీదికి ఎక్కించే రోజున కూడా రామలక్ష్మి పొద్దున్నే లేచి దానిమీదే బట్టలు ఉతికింది. ఉతికి, చెంబుతో నీళ్ళు పోసి కడిగి, అరచేత్తో ఓసారి తుడిచింది. ఆ తరవాత ఏం చెయ్యాలో తోచక నూతి చప్టా మీద కూర్చుంది. కాసేపటికి మనుషులు వస్తారని తెలుసు. లేచి వంట మొదలుపెట్టాలనీ తెలుసు. అయినా లేవలేదు.

టెక్కలిలో ఆ ఇంటిని పట్టాభిరామయ్యగారి మేడ అంటారు. పట్టాభిరామయ్యగారు పౌరోహిత్యం చేసి కట్టించిన ఇల్లు. కింద నాలుగు గదులు, పైన రెండు గదులు, వాటి ముందు సున్నం దంచి పోసిన డాబా. ఇంటి వెనక పెంకులు కప్పిన వంటిల్లు విడిగా ఉంటుంది. దాని వెనక పెరడు, నుయ్యి. ఆయన కొడుకులిద్దరూ పంచాంగం జోలికి పోలేదు. పెద్దవాడు కూర్మనాథం బడి పంతులు. చిన్నవాడు భానుమూర్తి తాలూకా కచేరీలో గుమాస్తా. కూర్మనాథం భార్య రామలక్ష్మి. భానుమూర్తి భార్య హైమవతి.

పెద్దాయన పోయాక సంవత్సరీకాలు అయ్యేదాకా కూడా అన్నదమ్ములు ఆగలేకపోయారు. తగువు ఎక్కడ మొదలైందో ఇద్దరికీ గుర్తులేదు. గుర్తున్నట్టు మాత్రం ఇద్దరూ మాట్లాడేవారు. చివరికి కరణం నారాయణగారిని పిలిచి పంపకాలు పెట్టుకున్నారు. మద్రాసు నుంచి మన రాష్ట్రం విడిపోయిన రోజులవి. నారాయణగారు వీధరుగు మీద బాసింపట్టు వేసుకుని, "మద్రాసు వాళ్ళకి పోయింది, కర్నూలు మనకొచ్చింది. రెండు రాష్ట్రాలే విడిపోయాయి, మీ మేడ ఏపాటిదిరా?" అని నవ్వుతూనే పంచేశారు. కింద పెద్దవాడికి, మేడ చిన్నవాడికి. పెరడూ నుయ్యీ ఇద్దరివీ. దేవుడి గది కిందనే ఉంది కాబట్టీ, పూజ పెద్దకొడుకు చెయ్యాలి కాబట్టీ, దేవుళ్ళు కూర్మనాథానికి వచ్చారు.

అది విని భానుమూర్తి మొహం నల్లబడింది.

"బావుంది. దేవుళ్ళు అన్నయ్యకి. మాకు ఆ బట్టలుతికే బండ ఇప్పించండి. పూజ వాళ్ళది, మురికి మాది" అన్నాడు.

అలా అంటే ఎవరో ఒకరు "ఛ, అవేం మాటలురా" అని బుజ్జగిస్తారనుకున్నాడు. ఎవరూ బుజ్జగించలేదు. నారాయణగారు తల ఊపి, "మంచిది. బండా, దాంతోపాటు దండెమూ చిన్నవాడివి" అనేశారు. కూర్మనాథం అడ్డు చెప్పలేదు. నోరారా అడిగి పుచ్చుకున్నదాన్ని వద్దనడం భానుమూర్తి వల్ల కాలేదు. దాన్ని పెరట్లోనే ఉంచుకోవడమూ అతని వల్ల కాలేదు. పెరడు ఇద్దరిదీ కాబట్టి అక్కడుంటే తనకేమీ రానట్టే ఉంటుంది. అందుకని మేడమీదికి ఎక్కించేస్తానన్నాడు.

అతను దానికోసం పట్టుబట్టినప్పుడూ, ఇటు కూర్మనాథం పోతే పోనీ అన్నప్పుడూ, ఆ బండ దగ్గర ఏం జరుగుతుందో ఇద్దరిలో ఎవరికీ తెలియదు. రామలక్ష్మి నానబెట్టి బాదేది. హైమవతి జాడించేది. దుప్పట్లయినా, మడిచీరలయినా పిండాలంటే ఇద్దరూ చెరో కొసా పట్టుకుని ఎదురెదురుగా నిలబడేవారు. ఒకరు కుడికి తిప్పితే ఒకరు ఎడమకి. నీళ్ళు మధ్యలో పడేవి. ఆ నిలబడ్డ కాస్సేపే వాళ్ళు మాట్లాడుకోవడం. ఇంట్లో ఎక్కడ మాట్లాడినా ఏదో ఒక మగచెవి ఉంటుంది. హైమవతికి కడుపు పోయిన సంగతి రామలక్ష్మికి తెలిసింది అక్కడే. కూతుర్ని హరిశ్చంద్రపురం అత్తారింటికి పంపేసి వచ్చి రామలక్ష్మి ఏడ్చింది అక్కడే.

పంపకాలైన రోజు రాత్రి భోజనాల దగ్గర కూర్మనాథం చెప్పాడు, "ఇవాళ్టి నుంచీ పైవాళ్ళతో మనకి మాటల్లేవు."

"హైమతో కూడానా?"

"ఆవిడ పైవాళ్ళు కాదా?"

రామలక్ష్మి మజ్జిగ వడ్డించింది. బండ కింద ఉన్నన్నాళ్ళూ ఎవరేమన్నా పొద్దున్నే హైమవతి దిగి రాక తప్పదు. బండ పైకి పోతే ఆమె దిగి రావడానికి ఇంక ఏ కారణమూ ఉండదు. ఆ సంగతి రామలక్ష్మికి అప్పుడే తెలిసింది. తెలిసి కూడా ఏమీ అనిపించలేదు. తిమ్మిరెక్కిన కాలిని ఎవరో తొక్కినట్టుంది, అంతే.

కొంత పొద్దెక్కాక బైరాగి వచ్చాడు. వజ్రపుకొత్తూరు అవతల సముద్రపొడ్డు మనిషి. టెక్కలి సంతకి ఎండుచేపలు తెచ్చేవాడు. పలాస మేస్త్రీలు గోడ కొంత కొట్టాలన్నారనీ, నావలు లాగేవాళ్ళకి ఇదొక లెక్కా అనీ భానుమూర్తి అతన్ని కుదుర్చుకున్నాడు. వెనక అతని బావమరిది ఢిల్లీరావు, ఇంకో నలుగురు మనుషులు. భుజాలమీద కొబ్బరిపీచు మోకులు, బండిమీద రెండు తాటిదుంగలు.

బైరాగి బండ చుట్టూ తిరిగాడు. కాలితో తన్ని చూశాడు.

"ఏటి బాబూ, దీనికా ఇంతమందిని తెమ్మన్నారు? మా నావ ముందల ఇదేపాటి?"

"నావ నీట్ల తేల్తాది బావా. ఇది తేల్తాదేటి?" అన్నాడు ఢిల్లీరావు.

"నీ నోరు తేల్తాది సాల్లే. మోకు అట్టుకో."

తవిటమ్మ గిన్నెలు తోముతూ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. రెండు వాటాలకీ ఆవిడే పనిమనిషి. "ఒరే బైరాగీ, ఆ మోకేటి అంత కంపు కొడతన్నాది? మడిబట్టలుతికే రాయిరా అది!"

"కంపు కాదప్పా, సముద్రం. మీ ఊరికి అది రాదు గదా, మేవే తెచ్చినాం."

మనుషులంతా నవ్వారు. భానుమూర్తి కూడా నవ్వబోయి, వీధిగదిలో అన్న ఉన్నాడని గుర్తొచ్చి ఊరుకున్నాడు. కూర్మనాథం అక్కడ పేపరు చదువుతున్నాడు. పెరట్లో పని మొదలైనప్పటి నుంచీ అతను పేజీ తిప్పలేదు.

తాటిదుంగలు డాబా అంచుకి ఏటవాలుగా ఆనించారు. బండకి మోకులు కట్టారు. పైనుంచి నలుగురు లాగితే, కిందనుంచి ఇద్దరు గడ్డపలుగులతో ఎగదోశారు. నావ ఒడ్డెక్కించేటప్పుడు అందుకునే పాట అందుకున్నారు. పక్కింటి వాళ్ళు గోడల మీంచి చూశారు. బండ జానెడు జానెడు పైకి పోతుంటే, అది లేచిన చోట నేల తెల్లగా, చెమ్మగా, మనిషి పడుకుని లేచిన పక్కలాగ కనిపించింది. రామలక్ష్మి పైకి చూడలేదు. ఆ నేలనే చూసింది.

పైన బైరాగి కేకేశాడు. "బాబూ, ఎక్కడ దించమంటారు? నడిమిని పెడితే సరాసరి కిందకి దిగిపోద్ది. గట్టి మూలేదో సెప్పండి!"

భానుమూర్తి డాబా మీద అటూ ఇటూ నడిచాడు. ఒక మూల మడమతో గుద్ది చూశాడు.

"ఇదిగో, ఈశాన్యం మూల. నాన్నగారు ఇక్కడ గోడలు మిగతావాటికి రెట్టింపు మందం పెట్టించారు. నీళ్ళు పోయే తూమూ ఇక్కడే ఉంది."

నాన్నగారు ఆ మూలే గోడలు ఎందుకంత మందం పెట్టించారో అతనికి తట్టలేదు. మెట్ల దగ్గర నిలబడ్డ హైమవతికీ తట్టలేదు. అంతా చూస్తున్న పక్కింటివాళ్ళకి తట్టలేదు. అందరూ బలం గురించీ తూము గురించే ఆలోచించారు. బండ ఆ మూల కూర్చుంది. అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు.

భానుమూర్తి దిగి వచ్చి, వెనక వసారాలో దూలానికి వేలాడే వెదురు దండేన్ని తనే విప్పుకుని భుజాన వేసుకుని పైకి పోయాడు. వదిన పక్కనుంచే వెళ్ళాడు. "తప్పుకో వదినా" అనబోయి, మాటల్లేవు కదా అని గోడవారగా ఒరుసుకుంటూ పోయాడు.

రామలక్ష్మి మనుషులకి మజ్జిగ పోసింది. బైరాగి తాగి మూతి తుడుచుకున్నాడు.

"ఏటమ్మా, రాయి పోనాదని అలగయిపోనారు?"

"ఏం లేదయ్యా."

"ఒకేళ మళ్ళీ దించాలనిపిత్తే మాత్రం నన్ను పిలవకండి తల్లీ. ఎక్కించీసినాం, ఏదో దేవుడి దయ. దించినప్పుడే కాళ్ళు పోతాయి."

మర్నాడు రామలక్ష్మి నూతి చప్టా మీదే బట్టలు ఉతికింది. దుప్పటి పిండడానికి ఒక కొస గిలక స్తంభానికి కట్టి, రెండో కొస పట్టుకుని తిప్పింది. స్తంభం తిప్పదు కదా. సగం నీళ్ళు దుప్పట్లోనే ఉండిపోయాయి. దాన్ని అలాగే గోడమీద వేసింది. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. లోపలికి పోయి కుంపటి రాజేసింది.

అప్పుడు మొదలైంది చప్పుడు.

కూర్మనాథం స్నానం చేసి మడి కట్టుకుని దేవుడి గదిలో కూర్చున్నాడు. ఇత్తడి పళ్ళెంలో సాలగ్రామం పెట్టి అభిషేకానికి ఉద్ధరిణె ఎత్తాడు. సరిగ్గా నెత్తిమీద ధప్పుమంది. మళ్ళీ ధప్పుమంది. దీపం వణికింది. మూడోసారికి పైకప్పు నుంచి సున్నం పెచ్చు ఊడి తీర్థం గిన్నెలో పడింది. ఆ తరవాత గోడలో ఎక్కడో నీళ్ళు జరజరా దిగుతున్న శబ్దం.

"ఏవిటే ఆ చప్పుడు?" అని అరిచాడు.

రామలక్ష్మి గుమ్మం దాకా వచ్చింది. ఆ చప్పుడు ఎవరిదో ఆమెకి వినగానే తెలిసింది. హైమవతికి బాదడం రాదు. జాడించడమే వచ్చు. బట్టని భయపడుతూ ఎత్తి, ఒక్కసారి వదిలేస్తుంది.

"పైన బట్టలుతుకుతున్నారు" అంది.

కూర్మనాథం పైకి చూశాడు. కిందికి, దేవుళ్ళ వైపు చూశాడు. మళ్ళీ పైకి చూశాడు. అతని మొహం మెల్లిగా ఎర్రబడింది.

"దేవుడి నెత్తిమీదా!"

మడిబట్టతోనే పెరట్లోకి దూకాడు. తవిటమ్మ బిందె చంకనెత్తుకుని మేడమెట్ల మధ్యలో ఉంది. పైన పిట్టగోడ దగ్గర భానుమూర్తి పళ్ళు తోముకుంటున్నాడు.

"తవిటమ్మా! మైలగుడ్డల నీళ్ళు నా దేవుడి మీద పొయ్యడానికే ఆ మూల చూసి పెట్టించారా అని అడుగు పైవాళ్ళని!"

భానుమూర్తి ఉమ్మేసి, "తవిటమ్మా! కింద ఏ గది ఉందో మాకేం తెలుసని చెప్పు. కిందది మాది కాదుగా!" అన్నాడు.

"పుట్టి పెరిగిన ఇంట్లో దేవుడి గది ఎక్కడుందో తెలీదటా అని అడుగు!"

"గట్టిగోడ ఎక్కడుంటే అక్కడ పెట్టించామని చెప్పు!"

తవిటమ్మ బిందె మెట్టుమీద దించింది. "ఇదేటి బాబూ, ఒకరి మాట ఒకరికి ఇనబడతానే ఉన్నాది గదా. మద్దిని నానెందుకు?"

"నువ్వు చెప్పు!" అన్నారు ఇద్దరూ.

"అలగే. పెద్దబాబుగారూ, సిన్నబాబుగారు ఏటంటున్నారంటే... ఇప్పుడు మీరిన్నారు గదా, అదే." బిందె మళ్ళీ ఎత్తుకుంది. "రాయి మేడెక్కీసినాది. నుయ్యి ఎక్కదు గదా. ముందు నా నడుం ఇరిగిపోకుండా సూడండి, దేవుడి సంగతి తరవాత."

ఆ సాయంత్రం నారాయణగారు మళ్ళీ వచ్చారు. దేవుడి గదిలో నిలబడి పైకి చూశారు. డాబా ఎక్కి కిందికి చూశారు. ఈసారి నవ్వలేదు.

"ఎవరి తప్పూ కాదురా. రాతికి గట్టి మూల కావాలి, దేవుడికి మంచి మూల కావాలి. మీ నాన్న రెండూ ఒక్కచోటే కట్టి పోయాడు. కార్తీక పౌర్ణమి లోపల ఏదో ఒకటి కదలాలి."

"మా నాన్న పెట్టిన దేవుడు కదలడు" అన్నాడు కూర్మనాథం.

"అందరి ముందూ ఎక్కించిన బండ దించను. దించాల్సివస్తే నేనే దిగిపోతాను, నా మేడ అమ్ముకుని" అన్నాడు భానుమూర్తి.

కోపంలో అన్నమాట అనుకున్నారందరూ. కానీ బండ అడిగినప్పుడూ అతను కోపంలోనే అడిగాడు.

వారం తిరక్కుండానే తవిటమ్మ గిన్నెలు తోముతూ చెప్పింది, "సిన్నబాబుగారు కాశీబుగ్గలో ఇల్లు సూసినారంట. జీడిపప్పు యాపారి ఎవులో ఈ మేడ తీసుకుంటానన్నాడంట. సిన్నమ్మగారు సూత్తే తిండి మానీసినారు. మొన్న నా సేత బైరాగికి కబురెట్టించినారు, బాబుగారికి తెలీకుండా. రాయి దించీమని. ఆడు రాననీసినాడు. సముద్రం మీద ఏట జోరుగా ఉందంట, ఇంక అటేపు సూడనన్నాడు."

రామలక్ష్మి బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఏరిన రాయినే మళ్ళీ ఏరుతోందని తవిటమ్మ గమనించింది.

మర్నాడు హైమవతి చెంబుతో నూతి దగ్గరికి వచ్చింది. మొగుళ్ళిద్దరూ పనుల మీద బయటికి వెళ్ళారు. చాలా రోజుల తరవాత ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. చేతుల్లో చెరో కొస పట్టుకోడానికి ఏమీ లేదు. అందుకేనేమో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఇద్దరికీ తెలియలేదు.

"నేను అడగలేదు అక్కయ్యా ఆ బండ."

"తెలుసు."

"నాకు బాదడం కూడా రాదు. చప్పుడు నీకు వినిపిస్తుందా?"

"వినిపిస్తుంది."

"కాశీబుగ్గ వెళ్ళిపోతే ఇంక..." హైమవతి ఆగింది. "వచ్చే వారమే అంటున్నారు. నువ్వేమైనా చెప్పకూడదూ బావగారికి?"

"చెప్పి చూస్తాను."

ఇంకేమైనా అంటుందేమోనని హైమవతి నిలబడింది. రామలక్ష్మి అనలేదు. అనాలంటే లోపల ఏదో ఒకటి ఉండాలి కదా. హైమవతి ఖాళీ చెంబుతోనే మెట్లెక్కి పోయింది.

రాత్రి భోజనాల దగ్గర రామలక్ష్మి చెప్పి చూసింది.

"దేవుణ్ణి వంటింట్లోకి మారిస్తే? దాని మీద మేడ లేదు, పెంకులే. పైన ఎవరూ నడవరు."

కూర్మనాథం ముద్ద దించేశాడు. "తమ్ముడు బండ ఎక్కించాడని అన్న దేవుణ్ణి తప్పించాడంటారు ఊళ్ళో. ఆ మాట ఇంకోసారి అనకు. ఆ సాలగ్రామం ముట్టడానికి ఈ ఇంట్లో హక్కున్నవాణ్ణి నేనొక్కణ్ణి. నేను కదపను."

అది నిజమే. ఆ ఇంట్లో ఆడవాళ్ళు సాలగ్రామం ముట్టరు. రామలక్ష్మి అత్తగారు ముట్టలేదు. ఆవిడ అత్తగారూ ముట్టలేదు. దీపం సర్దడం, పూలు కోసివ్వడం, నైవేద్యం వండి గుమ్మం దాకా తేవడం, అంతవరకే. ఎందుకని ఎవరూ అడిగింది లేదు.

మర్నాడు కూర్మనాథం బడికి వెళ్ళాక రామలక్ష్మి నూతి దగ్గర తలస్నానం చేసింది. తడిచీరతోనే వంటింట్లో తూర్పుగోడ గూడు కడిగి, ముగ్గు పెట్టింది. ఆ గూట్లో ఉండే ఉప్పుజాడీ, చింతపండు కుండా కిందికి దించింది. తరవాత దేవుడి గదిలోకి నడిచింది.

ముందు దీపపు సెమ్మెలు తీసుకెళ్ళింది. తరవాత ఇత్తడి కృష్ణుణ్ణి. తరవాత శ్రీకూర్మం నుంచి మామగారు తెచ్చిన పటం. గంట మోగకుండా నాలుక పట్టుకుని తీసుకెళ్ళింది. చివరికి చిన్న పీటమీద సాలగ్రామం ఒక్కటే మిగిలింది. దాని ముందు నిలబడింది. భయం వేస్తుందనుకుంది. ఏదైనా వేస్తే బాగుండును అని కూడా అనుకుంది. ఏమీ వెయ్యలేదు. వంగి తీసుకుంది.

నేరేడుపండు నలుపు. గుప్పెట్లో పట్టేంత. చల్లగా, నున్నగా, కనిపించేదానికంటే కొంచెం బరువుగా ఉంది. పిడికిలి మూసుకుని వసారా దాటి, పెరడు దాటి వెళ్ళి గూట్లో పెట్టింది. చెయ్యి చూసుకుంది. ఎప్పటి చెయ్యే. చీర మార్చుకుని, ఉప్పుజాడీ పెట్టడానికి ఇంకో చోటు వెతుక్కుంది.

సాయంత్రం కూర్మనాథం సంధ్యవేళకి కాళ్ళు కడుక్కుని దేవుడి గదిలోకి వెళ్ళాడు. వెళ్ళినవాడు వెళ్ళినట్టే బయటికి వచ్చాడు. ఇల్లంతా తిరిగి వంటింటి గుమ్మంలో ఆగిపోయాడు. గూట్లో దీపం వెలుగుతోంది.

"ఎవరు తెచ్చారివి?"

"నేనే."

"ఎవరిచేత పట్టించావు?"

"ఎవరిచేతా లేదు."

"సాలగ్రామం?"

"అదీ నేనే."

కూర్మనాథం గడపమీద కూర్చుండిపోయాడు. అతను చెయ్యెత్తే మనిషి కాదు. నోటి మనిషి. గూటి వైపు చెయ్యి చూపించి అన్నాడు, "నీకేమైనా పట్టిందా?"

"ఏం పట్టలేదు."

"మరెందుకు చేశావే ఇంత పని?"

రామలక్ష్మి వంకాయలు తరుగుతోంది. తరుగుతూనే చెప్పింది. "హైమ వెళ్ళిపోతుంది."

"దానికోసమా?"

"ఊఁ."

అతను భార్య మొహంలోకి చూశాడు. తిడితే ఏడ్చే మొహమైతే తిట్టేవాడే. ఏమీ లేని మొహాన్ని ఎలా తిట్టాలో అతనికి తెలియలేదు. లేచి పెరటి తలుపు వేసి వచ్చాడు. గొంతు తగ్గించాడు.

"ఎవరైనా చూశారా?"

"లేదు. తవిటమ్మ అప్పటికే వెళ్ళిపోయింది."

"పైవాళ్ళు?"

"ఎవరూ చూళ్ళేదు."

కూర్మనాథం గూటి వైపు చూశాడు, పెంకుల వైపు చూశాడు, పైన మేడలేని ఆకాశం వైపు చూశాడు. బళ్ళో పిల్లలు తప్పు చేస్తే, తను పై అధికారికి ఏం చెప్పాలా అని ఆలోచించేటప్పుడు ఎలా గడ్డం గీరుకుంటాడో అలా గీరుకున్నాడు. మళ్ళీ అదే గదిలో పెడదామంటే ఎందుకు తీశారని అడుగుతారు. ఆడది ముట్టిందని చెబితే తన ఇంటి పరువే పోతుంది. చివరికి నూతి దగ్గరికి పోయి నెత్తిమీద నీళ్ళు గుమ్మరించుకున్నాడు. ఆవుపంచితం తెప్పించి గూడంతా చల్లాడు. సాలగ్రామాన్ని ఎన్నిసార్లు కడిగాడో. తరవాత అక్కడే, ఉల్లిపాయల బుట్ట పక్కన పీట వేసుకుని కూర్చుని పూజ మొదలుపెట్టాడు.

మర్నాడు నారాయణగారు వీధిలో కనిపిస్తే, ఆయన అడక్కుండానే కూర్మనాథం చెప్పాడు, "దేవుణ్ణి మార్చేశానండీ. అగ్నిహోత్రం ఉన్నచోటే దేవుడుంటే మంచిదని శాస్త్రం. ఇన్నాళ్ళూ మాకే తట్టలేదు."

"పెద్దవాడివనిపించావురా! మీ నాన్న ఉంటే ఎంత సంతోషించేవాడో" అన్నారు నారాయణగారు, భుజం తట్టి. కూర్మనాథం మెడ కాస్త నిటారు అయింది. మధ్యాహ్నానికి ఆ శాస్త్రం టెక్కలంతా పాకింది. రామలక్ష్మి కూడా దాన్ని మొగుడి నోటంట మొదటిసారి విన్నట్టు విని, ఊఁ కొట్టింది.

భానుమూర్తి థాంక్సు చెప్పలేదు. అన్నతో మాటా కలపలేదు. కాశీబుగ్గ ఇంటి ఊసు మాత్రం ఎత్తడం మానేశాడు. జీడిపప్పు వ్యాపారి రెండుసార్లు మనిషిని పంపి ఊరుకున్నాడు.

"సిన్నమ్మగారికి సెప్పీసినానమ్మా, పెద్దబాబుగారు దేవుడి గది కాళీ సేసీసినారని" అంది తవిటమ్మ. "ఉతుకుతా ఉతుకుతా ఆగిపోనారు. ఇది బావగారి పని కాదు తవిటమ్మా, అన్నారు. మరెవులి పనమ్మా అంటే ఏటీ అనరు. నా మొకం ఏపే సూత్తారు. ఏటోనమ్మా, మీ ఇద్దరూ అలగే తయారైనారు."

"నీళ్ళు మోసేసి పో తవిటమ్మా. పొద్దెక్కుతోంది" అంది రామలక్ష్మి.

దేవుడి గది ఖాళీ అయింది. కూర్మనాథం దానికి తాళం వేసి ఉంచుదామన్నాడు. తరవాత పాత పుస్తకాలు పెడదామన్నాడు. రెండూ చెయ్యలేదు. రామలక్ష్మి ఒక ఉదయం చేటా, బియ్యం డబ్బా తీసుకెళ్ళి ఆ గది మధ్యలో కూర్చుంది. గోడలు నిజంగానే మందం. బయటి చప్పుడేదీ లోపలికి రాదు. పైనుంచి వచ్చేదొక్కటే వస్తుంది.

ధప్పుమంది. పైకప్పు నుంచి సున్నం పొడి రాలి ఆమె తలమీద, చేటలోని బియ్యం మీద పడింది.

కూర్మనాథం గుమ్మంలోంచి తొంగి చూశాడు. "ఇక్కడ కూర్చున్నావేవిటే? నెత్తిన దుమ్ము పడుతోంది చూడు."

"పడనీండి."

అతను తన భుజం దులుపుకుని వెళ్ళిపోయాడు.

హైమవతి ఇంకా భయపడుతూనే బాదుతోంది. ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా, మధ్యలో ఆలోచిస్తున్నట్టు. రామలక్ష్మి బియ్యం చెరుగుతోంది, సున్నం పొడి నూకల్లో కలిసిపోతోంది. ఉన్నట్టుండి పైన చప్పుడు ఆగిపోయింది. రామలక్ష్మి చేట పక్కన పెట్టి, మళ్ళీ మొదలయ్యేదాకా అలాగే కూర్చుంది.